పద్మిని తాళంచెవి

నూజివీడు,
ఫిబ్రవరి.

ప్రభువునందు ప్రియమైనవాడూ, కారు విషయంలో మాత్రం ఏమాత్రం ప్రియం కానివాడూ అయిన తమ్ముడు రత్నబాబుకి,

దీవెన ప్రధానం రోజున, అంతమంది చుట్టాల మధ్య, బిర్యానీ తింటూ నా ప్రీమియర్ పద్మినిని ఇస్త్రీపెట్టె అన్నావు. నేను మర్చిపోలేదు. ఆ తర్వాత ఫోనులో మనం అరుచుకున్న అరుపులు విని దీవెన, "అత్తా, ఇంక మీరూ బాబాయీ ఫోనులో కార్ల ఊసెత్తొద్దు. ఏమన్నా ఉంటే కాగితం మీద రాసుకోండి. బీపీ పెరగదు" అంది. పిల్ల నర్సు కాబట్టి మాట విన్నాను. రాస్తుంటే కూడా పెరుగుతూనే ఉంది, అది వేరే సంగతి.

సూటిగా చెబుతాను. మార్టిన్ బతికుంటే తన కూతురు దీవెనని వాడే చర్చిలోకి నడిపించుకు వెళ్ళేవాడు. మీ అన్నయ్య లేడు కాబట్టి ఆ చెయ్యి పట్టుకునేది నువ్వు. దానికి నేను అడ్డం రాను. కానీ మా ఇంటి దగ్గర్నుంచి చర్చి దాకా పిల్లని కారులో తీసుకెళ్ళేది నేను. నా కారులో, నా చేతుల్తో. నువ్వేమో చెయ్యీ నాదే స్టీరింగూ నాదే అంటున్నావు. అంత ఆశ పనికిరాదు.

ఇంక బండ్ల సంగతి. ఉంగుటూరు హైస్కూల్లో అంతకాలం సైన్సు చెప్పినదాన్ని, ఊరికే మాట్లాడను. నా ఇంజను వెయ్యీ ఎనభై తొమ్మిది సీసీ. నీ అంబాసిడర్‌ది పద్నాలుగు వందల ఎనభై తొమ్మిది. ఆ ఎక్కువ నాలుగువందలతో నువ్వు సాధించిందేమిటి? నాది తొమ్మిది వందల కిలోలు కూడా లేదు, నీది పదకొండు వందలు దాటింది. ఉన్న బలమంతా దాని ఒళ్ళు అది మోసుకోడానికే సరిపోతోంది. లీటరుకి నాది పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఇస్తుంది. నీది పది ఇచ్చిన రోజున నువ్వు పాస్టరు గారిని పిలిచి స్తుతి కూటం పెట్టించావు.

జవాబు రాయి. రాయకపోతే ఒప్పుకున్నట్టే.

అక్క,
రిబ్కమ్మ


బాపులపాడు,
ఫిబ్రవరి నెలాఖరు.

అక్కకి వందనాలు.

నీ ఉత్తరం చదవడానికి రెండు రోజులు పట్టింది. నీ రాత చీమల బారు.

లీటరుకి ఎంత ఇస్తుందని పెళ్ళికూతురి కారు గురించి ఎవరైనా అడుగుతారా? ఇంటి నుంచి చర్చి ఎంత దూరం? అడగవలసినవి వేరే ఉన్నాయి. వెనక సీటు ఎంత వెడల్పు? దీవెన వేసుకునేది తెల్ల గౌను. దానికి వెనకాల నేలమీద ఈడ్చే గుడ్డ మనిషంత పొడుగుంది. అది నీ పద్మినిలో పెడితే పిల్ల బయట నడవాలి. నా అంబాసిడర్ వెనక సీట్లో పిల్లా, గౌనూ, ఇంకా ఎవరైనా ముసలమ్మ వస్తానంటే ఆవిడా పడతారు.

రెండోది ఎత్తు. మీ వీధిలో పైపులకోసం తవ్వి వదిలేశారు. నీ బండి పొట్ట నేలకి తగులుతుంది. నాది గట్టు ఎక్కి దిగుతుంది.

మూడోది నువ్వు కావాలని దాచిపెట్టావు. పెళ్ళి మే నెలలో. ఆ ఎండకి నీ పద్మినికి పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతుంది. అప్పుడు నువ్వు బానెట్ ఎత్తి, ఆ పంపు మీద తడిగుడ్డ వేసి, చల్లారేదాకా పక్కన నిలబడి విసనకర్రతో విసురుతావు. బజారు నడిమధ్య, లోపల పెళ్ళికూతురు. ఫొటోలు బాగా వస్తాయి.

నీ ముచ్చట నాకు అర్థమైంది కానీ నడిపేది నేనే. ఆ రోడ్డు నేను కళ్ళు మూసుకుని నడుపుతాను.

తమ్ముడు,
రత్నబాబు


నూజివీడు,
మార్చి.

రత్నం,

అవును, తడిగుడ్డ వేస్తాను. వేసవిలో మనుషులం మనమే నెత్తిన తడిగుడ్డ వేసుకుంటాం, దానికి వేస్తే తప్పేంటి? నీ బండికి బ్రేకు ఒకసారి తొక్కితే పడదు, రెండోసారి తొక్కాలి. రోడ్డుకి అడ్డం వచ్చిన గేదెకి ఆ సంగతి తెలుసా?

నిన్న తోటలో పరీక్ష చేశాను. రెండు సాళ్ళ మామిడి చెట్ల మధ్య పద్మినిని ఒక్క తిప్పులో మళ్ళించి బయటికి తెచ్చాను. కిందటేడు నువ్వు అదే చోట ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ కొట్టి నా చిన్నరసం కొమ్మ విరగ్గొట్టావు. చర్చి ముందు జాగా ఆ సాళ్ళ మధ్య ఉన్నంతే.

నా రాత చీమల బారు అన్నావు, నీ రాత చూసుకున్నావా? ఈమధ్య ఒక్కో అక్షరం నిమ్మకాయంత రాస్తున్నావు. చెప్పడానికి సరుకు లేనప్పుడు కాగితం ఇలాగే నింపాలి. నా పిల్లలు పరీక్షల్లో ఇదే చేసేవాళ్ళు.

ఇంకో సంగతి. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద చిన్నరాయప్ప గారు నన్ను ఆపారు. "ఏంటమ్మా రిబ్కమ్మా, పెళ్ళికూతురి కారు నువ్వు నడుపుతావంట? ఆడమనిషి నడిపిన కారులో పెళ్ళికూతురు రావడం మన సంఘంలో ఎప్పుడన్నా జరిగిందా?" అన్నారు. "జరగలేదండీ. మే నెలలో జరుగుద్ది. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను, వచ్చి చూడండి" అన్నాను. మొహం ముడుచుకుని వెళ్ళారు. ఉంగుటూరు బడికి నేను మొదటిసారి కారు వేసుకెళ్ళిన రోజున కూడా మొహాలు ఇలాగే ముడుచుకున్నాయి. ఆ మొహాలన్నీ తర్వాత వానొచ్చినప్పుడు నా కారే ఎక్కాయి.

నువ్వు ఆయన పక్షం చేరితే మాత్రం ఊరుకోను.

అక్క


బాపులపాడు,
ఏప్రిల్, ఈస్టరు తర్వాత.

అక్కా,

నేను ఏ రాయప్ప పక్షమూ కాదు. నా అంబాసిడర్ పక్షం.

మాటలతో తేలేట్టు లేదని పరీక్ష పెట్టాను. ఈ ఉత్తరం నువ్వు చదివేటప్పటికి గంప నీ చేతిలో ఉంటుంది, ఎందుకంటే ఉత్తరం గంపలోనే పెట్టాను. బంగినపల్లి, చెట్టున తయారైన కాయ. నేనే స్వయంగా ఏరాను. కింద ఎండుగడ్డి పరచలేదు, కాయకీ కాయకీ మధ్య కాగితం పెట్టలేదు. డిక్కీలో ఊరికే పెట్టి, హనుమాన్ జంక్షన్ మీదుగా, దారిలో ఉన్న గుంత ఒక్కటీ వదలకుండా తెస్తున్నాను. మీ గేటు దగ్గర దించి హారన్ కొట్టి వెళ్ళిపోతాను. మనం మాట్లాడుకోవట్లేదు కదా.

ఒక్క కాయ నలిగినా పందెం నీదే. నూజివీడు మార్కెట్లో ఎగుమతి సరుకు ఏరి ఏరి పండిపోయినవాణ్ణి. అంత దూరాన కాయ ఉంటే సొన మచ్చ ఏ పక్కనుందో చెప్పినవాణ్ణి. నీకు వంక దొరకదు.

రత్నబాబు


నూజివీడు.

రత్నం,

గంప అందింది. కాయ నలగలేదు. నీ బండి స్ప్రింగులు మంచివే.

వంట్లో ఎలా ఉంది? ఎండలో తిరగకు. మజ్జిగ తాగు.

అక్క


బాపులపాడు,
మే మొదటివారం.

అక్కా,

నీ ఉత్తరం చూసి భయమేసింది. తిట్టు ఒక్కటి లేదు. మజ్జిగ తాగమన్నావు. నా చిన్నప్పట్నుంచి నువ్వు నన్ను మజ్జిగ తాగమన్నది నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడే.

స్ప్రింగులు మంచివని ఒప్పుకున్నావు కాబట్టి పందెం నాదే. దీవెనకి చెప్పాను, పెళ్ళికి అంబాసిడరేనని. పువ్వులు కట్టేవాడితో మాట్లాడాను. నేనే నడుపుతాను.

నీ మనసులో ఏమైనా ఉంటే రాసెయ్యి. దాచుకోవడం నీ వంటికి పడదు.

రత్నబాబు


నూజివీడు,
మే.

రత్నం,

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

గంపలో కాయలన్నీ ఒక్క సైజు. ఒకదాన్ని మించి ఒకటి లేదు. చేత్తో తడిమి, బరువు చూసి ఏరినట్టున్నాయి. కానీ సగం కాయల మీద సొన కారి నల్లగా చారలు కట్టింది. కొన్నిటికి ఈగ పొడిచిన మచ్చలున్నాయి. పచ్చి కాయ పక్కన పండిపోయింది పెట్టావు. తోటలో కాయ కోసే కొత్తవాడు కూడా అలాంటి గంప గేటు దాటించడు. నువ్వు దాన్ని నాకు గొప్పగా పంపావు.

ఆ తర్వాత గేటు చూశాను. ఎడమపక్క స్తంభానికి నీ కారు రంగు అంటుకుంది. నువ్వు ఆ స్తంభాన్ని గీసుకుంటూ వచ్చావు, వెళ్ళావు, నీకు తెలియలేదు. తెలిస్తే స్తంభం అక్కడ కట్టించినందుకు నన్ను తిట్టేవాడివి.

నిమ్మకాయంత అక్షరాలు. ఉత్తరం చదవడానికి రెండు రోజులు. ఇవన్నీ నా కళ్ళముందే ఉన్నాయి, నేను వెటకారాలు చేస్తూ కూర్చున్నాను.

నీ కళ్ళకి ఏమైంది రా? నాకు ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది. ఆ కళ్ళతో హనుమాన్ జంక్షన్ దాటించుకుని కారు తెచ్చావా? అన్ని లారీల మధ్య? కళ్ళు మూసుకుని నడుపుతానని నువ్వు ఎప్పుడూ గొప్పకి అనే మాట. ఇప్పుడది నిజమై కూర్చుంది.

పెళ్ళిలో నువ్వు నడపడానికి వీల్లేదు. మార్టిన్ కూతుర్ని నీ పక్కన కూర్చోబెట్టి పంపను. కారు తాళంచెవి పంపించు.

అక్క


బాపులపాడు.

అక్కా,

కనిపెట్టావు. సరే.

గ్లకోమా అన్నారు. ఎడమకన్ను పోయింది. కుడికన్నుకి ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కలు కనబడవు. పోయిన చూపు రాదంట, ఉన్నది నిలబెట్టుకోవాలంట. చుక్కలమందు వేసుకుంటున్నాను. పరీక్షలకి మళ్ళీ రమ్మన్నారు, వెళ్ళలేదు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదో తెలుసా? చెబితే ముందు తాళంచెవి అడుగుతారని. కన్ను ఎలా ఉంది అని అడిగేవాడు తర్వాత వస్తాడు. చూడు, నువ్వూ అదే చేశావు.

మార్కెట్లో కాయ ఏరే పని మానేసినప్పుడు మోకాళ్ళ నొప్పులని చెప్పాను. ఆ పని పోయింది. ఇంక నాకు మిగిలింది ఆ బండి ఒక్కటే. ప్రభుత్వ వేలంలో తుప్పు పట్టినదాన్ని తెచ్చి, బోల్టు బోల్టూ నా చేత్తో విప్పి బిగించాను. నన్ను దాంట్లోంచి దించి వెనక సీట్లో కూర్చోబెడితే నేను ముసలి సరుకునై పోతాను.

తాళంచెవి ఇవ్వను. పెళ్ళి రోజున నేనే నడుపుతాను. నెమ్మదిగా నడుపుతాను. అదే ఆఖరుసారి. నువ్వు వచ్చి బతిమాలినా, చిన్నరాయప్ప వచ్చి ప్రార్థన చేసినా ఇవ్వను.

రత్నబాబు


నూజివీడు,
ఆదివారం సాయంత్రం.

రత్నం,

నీ కారు నా షెడ్డులో ఉంది.

నువ్వు ఆరాధనకి వెళ్ళే వేళ చూసుకుని వచ్చాను. నా పద్మినిని నీ ఇంటి ముందు పెట్టాను. మీ పక్కింటి కనకమ్మ గారు అరుగు మీద కూర్చుని "రత్నబాబు గారు లేరండీ" అన్నారు. "తెలుసండీ, అందుకే వచ్చాను" అన్నాను. నీ తలుపు పగలగొట్టి తాళంచెవి వెతకాలేమో అనుకున్నాను. ఎందుకో ఓసారి నా పద్మిని తాళంచెవి నీ అంబాసిడర్‌లో పెట్టి తిప్పాను. తిరిగింది రా. అరిగిపోయిన తాళం, అరిగిపోయిన చెవి, ఇంజను ముద్దుగా స్టార్టయింది. బండి గొప్పలు ఇన్ని ఉత్తరాల్లో రాశావు, ఎవరి తాళంచెవి పెట్టినా వస్తుందని ఎక్కడా రాయలేదే!

దొంగతనం అంటావా, అను. కేసు పెడతావా, పెట్టు. పోలీసులకి చూపు గురించి కూడా చెప్పవలసి వస్తుంది, ఆలోచించుకో.

నీ స్టీరింగు తిప్పడానికి రెండు చేతులూ, ఒక నడుమూ కావాలి. క్లచ్చి తొక్కితే మోకాలు మూలిగింది. అయినా ఒకటి చెప్పాలి. జంక్షన్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే కాస్త వదిలాను. గుంతలో పడింది, నాకు తెలియలేదు. సోఫాలో కూర్చున్నట్టుంది. ఈ మాట రాశాను కదా అని ఎగరకు.

అక్క


బాపులపాడు,
మే రెండోవారం.

దొంగ అక్కకి,

పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఉన్నారు. రోడ్డు మీద నా బండి చప్పుడు వినబడింది. ముందు నా చెవుల్ని నేను నమ్మలేదు. తర్వాత ఎవరో రెండో గేరులోకి ఆలస్యంగా వెళ్ళారు, గరగరమంది. అప్పుడు నువ్వేనని తెలిసింది. పద్మినికి కూడా నువ్వు అలాగే చేస్తావు. ప్రసంగం "నీ పొరుగువానిది ఏదీ ఆశించకూడదు" మీద జరుగుతోంది. లేచి అరవబోయి, నవ్వొచ్చి, దగ్గు వచ్చినట్టు నటించాను.

ఇంటికొచ్చేసరికి నా జాగాలో నీ ఇస్త్రీపెట్టె ఉంది. రెండు రోజులు దాని వైపు వెళ్ళలేదు. మూడో రోజు తలుపు తీసి కూర్చున్నాను. బానెట్ పొట్టిది, కిందికి వంగి ఉంది. కూర్చుంటే ముందు రోడ్డు దగ్గర్నుంచే కనబడుతోంది. నాలాంటివాడికి, ఎదురుగా ఉన్నదే కనబడేవాడికి, నీ బండి అద్దమే మంచిది. ఈ సంగతి దీవెనకి చెప్పావో, ఊరుకోను. చేత్తో తడిమి చూశాను, కుడివైపు వెనక తలుపు కింద తుప్పు పడుతోంది. గీకి రంగు వేయిస్తున్నాను.

ఇంక నా మాట విను. పందెం నువ్వే గెలిచావనుకో. పెళ్ళికి పద్మినినే పెట్టుకో, నువ్వే నడుపుకో. తడిగుడ్డ కూడా నేనే పట్టుకుని కూర్చుంటాను. నా బండి మాత్రం నాకు పంపెయ్యి. ఇంకెవరో నడుపుతుంటే నేను చూడలేను. ఇంటి ముందు ఊరికే నిలబెట్టుకుంటాను, ఎక్కనని ఒట్టు.

రత్నబాబు


నూజివీడు,
పెళ్ళి వారం.

రత్నం,

నీ ఒట్లు నాకు తెలుసు. బండి పంపను.

పద్మిని కూడా వద్దు. దీవెన నీ అంబాసిడర్‌లోనే చర్చికి వెళుతుంది. నేను నడుపుతాను. ఇన్నాళ్ళూ నా కారే గొప్పదని ఎందుకు కొట్లాడానో నీకు తెలుసు, నాకు పిల్లని తీసుకెళ్ళాలని ఉంది. నా చెయ్యి స్టీరింగు మీద ఉంటే చాలు, అది ఏ స్టీరింగైతేనేం?

నీ కన్ను పోయిందని నీ బండి ఎందుకు మూలపడాలి? ఇంటి ముందు నిలబెట్టి రోజూ తుడుచుకుంటూ కూర్చుంటే అది ముందు చస్తుంది, ఆనక నువ్వు. అది రోడ్డు మీదే ఉంటుంది. నువ్వు దాంట్లోనే ఉంటావు. వెనక సీట్లో కూర్చుంటే ముసలి సరుకు అవుతానన్నావు. ఆ రోజు వెనక సీటు ముసలివాళ్ళది కాదు. పెళ్ళికూతురి పక్కన తండ్రి కూర్చునే చోటు. మార్టిన్ చోటు. అది నీకు తక్కువైందా?

చిన్నరాయప్ప గారు మళ్ళీ వచ్చారు. ఈసారి "అంబాసిడర్ పెద్ద బండి కదమ్మా, నువ్వు తిప్పగలవా" అన్నారు. నడపొచ్చా అనే మాట పోయి తిప్పగలవా అనే మాట వచ్చింది. అంటే సగం దారికి వచ్చారు.

ఒక షరతు. పెళ్ళయిన సోమవారం నుంచి కంటి హాస్పిటల్‌కి నేనే తీసుకెళ్తాను. రానంటే నంబరు ప్లేటు పీకేసి, నీ బండిని తోటలో కాయలు మగ్గబెట్టుకోడానికి వాడతాను. గడ్డి పరిచి చూశాను, వెనక సీట్లో చాలా కాయలు పడతాయి.

అక్క


బాపులపాడు,
పెళ్ళయిన మర్నాడు, ఆదివారం.

అక్కా,

నిన్న వెనక సీట్లో కూర్చున్నాను కాబట్టి నీ డ్రైవింగు తప్పులన్నీ విన్నాను. రాసిపెడుతున్నాను. క్లచ్చి మీద కాలు తియ్యకుండా నడుపుతావు, ప్లేటు అరిగిపోద్ది. తవ్వి వదిలేసిన చోట ఇంకా ఎడమకి వెళ్ళాలి. చర్చి ముందు ఒక్క తిప్పులో తిరగలేదు, వెనక్కి కొట్టావు. అది మాత్రం బండి తప్పు, నీ తప్పు కాదు. పద్మిని అయితే తిరిగేది. ఇది ఇక్కడితో మర్చిపో.

బజారులో వెళుతుంటే జనం అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు కదా. నాకు వాళ్ళ మొహాలు కనబడలేదు. దీవెన నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరి పేరూ చెబుతూ వచ్చింది. "బాబాయ్, చిన్నరాయప్ప గారు చర్చి మెట్లు దిగి వస్తున్నారు" అంది. ఆయన వచ్చి తలుపు తీశారు. నాది కాదు, పెళ్ళికూతురిదీ కాదు. నీది. "దిగండి టీచరు గారూ" అన్నారు. ఆ మాట నాకు బాగా వినబడింది.

ఆ తర్వాత పిల్లని నడిపించుకు వెళ్ళాను. ఎదురుగా ఉన్నదే నాకు కనబడుతుందని చెప్పాను కదా. ఎదురుగా పెళ్ళికొడుకు కిరణ్ కుమార్ ఉన్నాడు, వాడి వెనక సిలువ ఉంది. అంతకంటే చూడవలసింది ఆ నిమిషంలో నాకేమీ లేదు. ఏడ్చాను. నువ్వు కూడా ఏడ్చావని దీవెన చెప్పింది, కాదనకు.

రేపు సోమవారం, అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యకుండా నూజివీడు వెళ్ళే మనిషి చేతికిస్తున్నాను. హాస్పిటల్‌కి వస్తాను, నంబరు ప్లేటు పీకకు. రంగు ఆరాక పద్మినిని కూడా నువ్వు వచ్చి తీసుకెళ్ళావు, రెండు బండ్లూ ఇప్పుడు నీ దగ్గరే ఉన్నాయి కదా. ఏది తెస్తావో ముందు చెప్పొద్దు, హారన్ కొట్టొద్దు. నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను. నువ్వు మలుపు తిరగకముందే ఏ బండో చెబుతాను, కనకమ్మ గారు సాక్షి. ఎప్పుడైనా తప్పు చెబితే, ఆ రోజు నేను ముసలివాణ్ణయ్యానని ఒప్పుకుంటాను.

తమ్ముడు,
రత్నబాబు